తిరిగొచ్చిన బిడ్డ

పెనుకొండ,
9 నవంబరు 1997.

ప్రియమైన లూర్దక్కకు,

నీ తమ్ముడు శౌరి రాసేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు, తిప్పన్న బావ, మా సౌమ్య బాగున్నారని తలుస్తాను.

జూన్‌లో నాకు డీకన్ పట్టం ఇచ్చి ఈ పెనుకొండ విచారణకు, అంటే ఈ గుడికీ దీని కింది ఊళ్ళకూ, పంపిన సంగతి నీ చెవిన పడే ఉంటుంది. గురువు కావడానికి ముందు అదే ఆఖరి మెట్టు. విచారణ గురువులు ఫాదర్ చిన్నప్పగారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ప్రసంగాలు చెబుతున్నాను, పసిబిడ్డలకు జ్ఞానస్నానాలు ఇస్తున్నాను. పూజ చేయడానికి, పాపసంకీర్తనం విని క్షమాపణ పలకడానికి మాత్రం ఇంకా అధికారం లేదు. అది జనవరి 21న వస్తుంది. ఆ రోజు హిందూపురం గుడిలో బిషప్‌గారు నాకు గురుపట్టం ఇస్తారు. మన పల్లె నుంచి గురువయ్యేది నేనే మొదటివాణ్ణి. నాయన కాలు నేల మీద నిలవడం లేదు. సోమందేపల్లి బస్టాండులో కనబడిన వాళ్ళందరికీ తేదీ చెబుతున్నాడట.

నీతో రెండు పనులు పడ్డాయి. పట్టాభిషేకానికి ఒక చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నారు. అందులో నా చిన్ననాటి సంగతులు ఒకటి రెండు కావాలి. అమ్మ లేదు కదా, నువ్వే రాసి పంపాలి. రెండవది, నా జ్ఞానస్నానం పత్రంలో జ్ఞానతల్లి, అంటే ఆ రోజు నన్ను ఎత్తుకున్నామె, పేరు అరుళమ్మ అని ఉంది. ఆమె ఇప్పుడు ఎక్కడుందో చెప్పు. పట్టాభిషేకం రోజు కానుకల పళ్ళెం ఆమె చేతనే తెప్పించాలని నా కోరిక.

ఇంకొక మాట. రాయడానికి కష్టంగానే ఉంది. నువ్వూ బావా తప్పక రావాలి. అయితే నీ పెళ్ళి గుడిలో జరగలేదు కనుక నువ్వు పూజలో రొట్టె అందుకునే సత్ప్రసాదం వరసలోకి రాకూడదు. అందరి ముందూ నా చేతులతో నీకు లేదనవలసి వస్తే బాగుండదని ముందే చెబుతున్నాను. నియమం నేను పెట్టింది కాదు. తప్పుగా అనుకోవద్దు.

నీ తమ్ముడు,
శౌరి.

ధర్మవరం,
20 నవంబరు 1997.

చిరంజీవి శౌరికి అక్క ఆశీస్సులు.

ఇక మీదట నిన్ను ఒరే అనవచ్చో లేదో, అది కూడా నియమం చూసి చెప్పు. అంతవరకు ఒరే అనే అంటాను.

ఒరే, పదమూడేళ్ళలో నాకు నువ్వు రాసిన ఉత్తరాలు నాలుగు. పట్టుగూళ్ళ మార్కెట్టుకు వచ్చిన తిప్పన్నతో నేను హిందూపురంలో రైలెక్కినప్పుడు నువ్వు ఒక ఉత్తరం రాశావు, నాకోసం ప్రార్థిస్తున్నానని. అమ్మ పోయినప్పుడు ఒకటి. సౌమ్య పుట్టినప్పుడు ఒకటి. ఇది నాలుగోది. అందులో వరసలోకి రావద్దని రాశావు. నేను వస్తానని ఎవరు చెప్పారు నీకు? వెనక చెప్పులు విడిచే చోట కూర్చుంటాను. మీ బావ నా పక్కన కూర్చుంటాడు. ఆయనకు మీ వరసల సంగతి తెలీదు, తెలియనివ్వను.

చిన్ననాటి సంగతి కావాలన్నావు కదా, రాసుకో. నీకు నాలుగేళ్ళప్పుడు అమ్మ తెల్ల రవిక భుజాన కప్పుకుని, దోసిట్లో బొరుగులు పోసుకుని, మన దొడ్లో మేకలన్నిటికీ సత్ప్రసాదం పెట్టావు. ఏ మేక పెళ్ళి గుడిలో జరిగిందో అప్పుడు నువ్వు అడగలేదు. ఇది పుస్తకంలో వెయ్యి, బిషప్‌గారు నవ్వుతారు.

అరుళమ్మత్త సంగతి వదిలెయ్యి. మన ఊరు విడిచి చాలా ఏళ్ళయింది. ముసలిదైపోయింది, మతి నిలకడగా లేదంటారు. ఆమె ఏదో ఒకటి మాట్లాడుతుంది, నువ్వు మనసులో పెట్టుకుంటావు. కానుకల పళ్ళెం ఎవరు మోస్తే ఏమి?

మీ అక్క,
లూర్దు.

పెనుకొండ,
8 డిసెంబరు 1997.

అక్కా,

నీకు కోపం వచ్చిందని తెలుస్తోంది. అయినా జ్ఞానతల్లి విషయంలో ఎందుకు అడ్డం పడుతున్నావో అర్థం కాలేదు. ఎక్కడుందో తెలీదని నువ్వు రాయలేదు. జోలికి పోవద్దని రాశావు. నాయనను అడిగితే ఆయనా మాట తప్పించాడు. మీ ఇద్దరికీ మాటలు లేక పదమూడేళ్ళు, కానీ ఈ ఒక్క విషయంలో ఒకటే మాట మీద ఉన్నారు.

ఫాదర్ చిన్నప్పగారు విచారించి కనుక్కున్నారు. అరుళమ్మగారు ఓబులదేవరచెరువులో కూతురి దగ్గర ఉన్నారట, మతి చక్కగానే ఉందట. ఈ ఆదివారం 14వ తేదీ, పూజ అయ్యాక ఫాదర్ నన్ను స్కూటరు మీద తీసుకుపోతానన్నారు.

నిన్న హిందూపురం గుడిలో నా పేరు మొదటిసారి చదివారు. గురుపట్టానికి ముందు మూడు ఆదివారాలు అలా చదువుతారు. ఫలానావాడు గురువు కాబోతున్నాడు, ఇతనికి పట్టం ఇవ్వకూడని కారణం ఏదైనా ఎవరికైనా తెలిస్తే విచారణ గురువులకు చెప్పడం వారి బాధ్యత అని. నాయన ముందు వరసలో కూర్చుని విన్నాడట. చదివినంతసేపూ తల ఎత్తలేదని చూసినవాళ్ళు చెప్పారు. సంతోషం ఎక్కువై అలా ఉన్నాడేమో.

శౌరి.

ధర్మవరం,
12 డిసెంబరు 1997.

శౌరీ,

ఈ ఉత్తరం మీ బావ చేతికి ఇచ్చి రైలుకు పంపుతున్నాను. ఇందులో ఏముందో ఆయనకు చెప్పలేదు. నువ్వు ఇది చదవకుండా ఓబులదేవరచెరువు పోవద్దు. ముఖ్యంగా ఫాదర్‌ను వెంటబెట్టుకుని పోవద్దు. నేనే రావలసింది. నీ ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు.

నువ్వు పుట్టకముందు మన ఇంట్లో ఇంకొక శౌరి ఉన్నాడు.

నాకు అప్పుడు ఏడేళ్ళు. అరవై ఏడు జూన్‌లో పుట్టాడు. ఆగస్టులో ఫాదర్ హిందూపురం నుంచి వచ్చి జ్ఞానస్నానం ఇచ్చారు. అరుళమ్మత్త ఎత్తుకుంది. తొమ్మిదో నెలలో వాంతులు, భేదులు పట్టుకున్నాయి. నాయన మన గుడిసె గుడిలో సిలువ ముందు బోర్లా పడి, "బతికిస్తే నీ గుడికే ఇడుస్తా సామీ" అని మొక్కుకున్నాడు. మూడో రోజు బిడ్డ పోయాడు. పూడ్చడానికి ముందు అవ్వ కుండ అడుగు మసి వేలితో తీసి, వాడి ఎడమ చెవి వెనక బొట్టు పెట్టింది. "ఈ గుర్తుతోనే మళ్ళా రాప్పా" అంది. నేను పక్కనే ఉన్నాను.

ఏడాదిన్నరకు నువ్వు పుట్టావు. నీ ఎడమ చెవి వెనక మచ్చ ఉంది. అద్దంలో నీకు కనబడదు, తడిమి చూసుకో. అవ్వ ఊరంతా తిరిగింది, "వచ్చినాడు సూడండి, పోయినోడే వచ్చినాడు" అని. ఆ పేరే నీకూ పెట్టారు. కొన్నాళ్ళకు కొత్త ఫాదర్ వచ్చారు. "ఈ బిడ్డకు జ్ఞానస్నానం అయిందా?" అని అడిగారు. అమ్మ, "అయింది సామీ, పుస్తకంలో ఉండాది సూడండి" అంది. ఆయన చూశారు. ఉంది. అమ్మ అబద్ధం చెప్పలేదురా. జ్ఞానస్నానం ఒక్కసారే, రెండోసారి ఇప్పిస్తే పాపం అని ఆ ఫాదర్లే నేర్పారు. వచ్చింది అదే బిడ్డ అని నమ్మినది రెండోసారి ఎట్లా పోయిస్తుంది?

తిరిగొచ్చిన బిడ్డకు తాను పోయిన సంగతి చెబితే మళ్ళీ పోతాడని అవ్వ భయం. అందుకే నీకు ఎవ్వరూ చెప్పలేదు. ఊరు ఊరంతా నోరు కట్టుకుంది. నిన్ను గురువుల చదువుకు సెమినరీలో చేర్చడానికి నాయన తెచ్చిన పత్రం వాడిది. పన్నెండేళ్ళని రాసి చేర్చారు, నీకు అప్పటికి పది నిండలేదు. అందరికన్నా పొట్టిగా ఉన్నానని పిల్లలు ఏడిపిస్తున్నారని రాసేవాడివి, గుర్తుందా? నీకు ఇప్పుడు ముప్పై కాదు, ఇరవై ఎనిమిది.

నీకు జ్ఞానస్నానం జరగలేదు శౌరీ.

లూర్దు.

పెనుకొండ,
16 డిసెంబరు 1997.

లూర్దమ్మగారికి,

ఆదివారం నేను ఓబులదేవరచెరువు పోలేదు. ఒంట్లో బాగాలేదని ఫాదర్‌తో చెప్పాను. ఆయన నా నుదురు తాకి చూసి, కాఫీ పెట్టించి ఇచ్చారు. నీ ఉత్తరం నా దిండు కింద ఉంది, నేను కాఫీ తాగాను.

నీకు నామీద కోపం ఉంటే తిట్టి ఉండవలసింది. వరసలోకి రావద్దన్నందుకు ఇంత పెద్ద దెబ్బ కొడతావని అనుకోలేదు. నువ్వు సత్ప్రసాదానికి పనికిరావని నేనంటే, నువ్వు నన్ను అసలు క్రైస్తవుడివే కాదంటున్నావు. పైగా అవ్వ, మసి, మచ్చ! ఏడేళ్ళ పిల్ల చూసినదాని మీద నా పద్దెనిమిదేళ్ళ చదువు, నా పట్టం కొట్టుకుపోవాలా?

జ్ఞానస్నానం లేనివాడికి ఏ పట్టమూ అంటదు. అది నీకు తెలుసు, సిస్టర్ల బోర్డింగులో నువ్వూ చదువుకున్నావు. నువ్వు చెప్పేది నిజమైతే జూన్‌లో బిషప్‌గారు నా తల మీద చేతులు పెట్టినా ఏమీ జరగలేదన్నమాట. నేను గురువునైతే నేను చేసే పూజ ఉత్త రొట్టె, నేను చెప్పే క్షమాపణ ఉత్త మాట. నాకు రెండు రోజులుగా నిద్ర లేదు.

నిజమే అయితే ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావు? దీనికి జవాబు చెప్పు. చెప్పలేకపోతే ఇక రాయవద్దు.

శౌరి.

ధర్మవరం,
18 డిసెంబరు 1997.

శౌరీ,

నన్ను గారు అన్నావు. సరే.

బోర్డింగులో సిస్టరు ఒక్కొక్క ఆత్మకు ఒక్కొక్క జ్ఞానస్నానమని చెప్పిన రోజే నాకు నీ సంగతి గుర్తొచ్చింది. సెలవులకు వచ్చి అమ్మను అడిగాను. అమ్మ నా నోటి మీద కొట్టింది. "వాన్ని మళ్ళా సంపుతావా పాపీ?" అని ఏడ్చింది. తరవాత నువ్వు సెమినరీకి పోయావు. అక్కడికి పోయిన మన వైపు పిల్లలు ఏడాదికే పారిపోయి వస్తారు కదా, నువ్వూ వస్తావనుకున్నాను. రాలేదు. ప్రతి ఏడాదీ చెప్పడం ఇంకా కష్టమైంది. తిప్పన్నతో వచ్చేశాక నా మాట ఎవరు వింటారులే అని ఊరుకున్నాను. ఇది తప్పే. పెద్ద తప్పు. దీనికి నేను ఏ గురువు దగ్గరా పాపసంకీర్తనం చెప్పలేను, నువ్వు రాసిన నియమం ప్రకారం.

కోపంతో రాశానంటున్నావు. ఒక్క మాట దాచకుండా చెబుతాను. మీ బావకు ఉత్తరం ఇచ్చి పంపాక, ఆయన మగ్గానికి దారం కండెలు చుట్టుకుంటూ కూర్చుంటే, ఒక్క క్షణం నాకు బాగుందనిపించింది. నన్ను బయట నిలబెట్టినవాడు తనూ బయటే ఉన్నాడని. ఒక్క క్షణమే. ఆ వెంటనే దారం తెంపేసి ఏడ్చాను. నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

నేను ఎవరికీ చెప్పను. ఆదివారం మూడోసారి నీ పేరు చదువుతారు, నేను నోరెత్తను. నీ సంగతి నువ్వే చూసుకో. కానీ నన్ను నమ్మకు, పోయి చూడు. మన పల్లెకు పడమర వంకగడ్డ మీద, కానుగ చెట్టు దాటాక, మూడు రాళ్ళు వరసగా పాతి ఉంటాయి.

లూర్దు.

పెనుకొండ,
2 జనవరి 1998.

అక్కా,

క్రిస్మస్ పండుగ అయ్యాక ఒక్కణ్ణే బస్సులో ఓబులదేవరచెరువు పోయాను. అరుళమ్మత్త చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఫలానా అని చెబితే నా రెండు చేతులూ పట్టుకుంది. "నేనెత్తుకున్న బిడ్డ వంకగడ్డన పండుకోనుండాడు నాయనా, నువ్వు ఆ ఎనకొచ్చినోడివి" అంది. అని, వెంటనే నాలిక కరుచుకుంది. "కాదు కాదు, వాడివే నువ్వు, నా తిక్క మాట పట్టించుకోవద్దు" అని నా చుట్టూ చెయ్యి తిప్పి మెటికలు విరిచింది. ఆమె భయం చూశాక నాకు ఇక అనుమానం లేకపోయింది.

అక్కడి నుంచి మన పల్లెకు పోయాను. మూడు రాళ్ళు ఉన్నాయి. ఎవరో చుట్టూ గడ్డి పీకి శుభ్రం చేసి ఉంచారు. నాయనే. నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆయనే మొదలుపెట్టాడు.

"పుస్తకంలో పేరుండాది. నీ పేరే. ఇంకేం కావాల నీకు?"

"ఆ పేరు ఈడ పూడ్చినోడిది నాయనా."

"నేను మాటిచ్చినా దేవునికి. బతికిస్తే నీకే అన్యా. తీసకపాయ. మళ్ళా ఇచ్చె. ఇచ్చినంక నేను ఇయ్యకుంటే ఎట్లప్పా? నోరు మూసుకోని పట్టం తీసుకో. ఊర్లో నేను తలెత్తుకోని తిరగాల్నా, వద్దా?"

అక్కా, నేను ఇన్నేళ్ళు దేవుడు నన్ను పిలిచాడని అనుకున్నాను. ఆ పిలుపు కూడా వాడిదే. మొక్కు వాడికోసం, పేరు వాడిది, పత్రం వాడిది. నేను దేనికి వచ్చానో నాకు తెలీదు.

ఊరుకుంటే ఏమవుతుందో రోజూ ఆలోచిస్తున్నాను. గుడిలో మూడుసార్లూ నా పేరు చదవడం అయిపోయింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆహ్వాన పత్రికలు పంచేశారు. స్నేహితుడి చేత గుట్టుగా నీళ్ళు పోయించుకుందామా అని కూడా అనుకున్నాను. కానీ ఆ తరవాత నుదుట నూనె పూసి విశ్వాసం స్థిరపరిచే అభ్యంగనం మళ్ళీ కావాలి, డీకన్ పట్టం మళ్ళీ కావాలి. అవి బిషప్‌గారి చేతుల్లోవి, గుట్టుగా కావు. నేను జ్ఞానస్నానం ఇచ్చిన పదిహేడుమంది బిడ్డలకు మాత్రం ఏ లోటూ లేదు, అవసరానికి ఎవరు పోసినా ఆ నీళ్ళు చెల్లుతాయి. ఆ ఒక్కటే ఊరట. పంతొమ్మిది రోజులు ఉన్నాయి. నువ్వేమంటావు?

శౌరి.

ధర్మవరం,
6 జనవరి 1998.

శౌరీ,

నీకు ఏమి రాయాలో ఆలోచించి పెట్టుకున్నాను. చెప్పెయ్యమని రాయాలనుకున్నాను. నిన్న అంతా తారుమారైంది.

నిన్న మధ్యాహ్నం నాయన మా గడపలోకి వచ్చాడు. పదమూడేళ్ళకు. మీ బావ మగ్గం గుంతలోంచి లేచి నిలబడ్డాడు. నాయన ఆయన్ను చూడలేదు, కూర్చోలేదు, మంచినీళ్ళు ఇస్తే ముట్టలేదు. వచ్చినవాడు వచ్చినట్టే నా కాళ్ళ మీద పడ్డాడు. మన నాయన, నా కాళ్ళ మీద! "నువ్వు సెప్పినదే వాడు వింటాడు. వాన్ని ఊరకుండమను తల్లీ. నీ పెండ్లికి నేను ఒప్పుకుంటా. నీ మొగున్ని అల్లుడా అంటా" అన్నాడు. సౌమ్య తలుపు చాటున నిలబడి చూస్తోంది. ఈ ముసలాయన ఎవరని తరవాత అడిగింది. మీ తాత అని చెప్పాను.

అందుకని అడుగుతున్నాను. ఊరుకో శౌరీ. తప్పు నీది కాదు, నువ్వు చేసింది కాదు. దేవుడికి తెలీదా? ఆయన చూసుకుంటాడు. మంచి గురువువి అవుతావు. నీ పూజ ఉత్తదని ఆయన మాత్రం అంటాడా? నాయన చేతులు నా పాదాల మీద ఎంత చల్లగా ఉన్నాయో నువ్వు చూడలేదు.

ఇట్లా రాస్తున్నందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది. అయినా పంపుతున్నాను.

అక్క.

హిందూపురం,
12 జనవరి 1998.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాయన నీ ఇంటికి వచ్చాడంటే నాకు సంతోషంగానే ఉంది. నువ్వు అడిగింది మాత్రం చేయలేకపోయాను.

నిన్న ఫాదర్ చిన్నప్పగారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "నీకు ఒంట్లో బాగాలేదన్న రోజు ఇదేనా?" అన్నారు. అవునన్నాను. ఆయనే నన్ను ఇక్కడికి వచ్చి ఉన్న బిషప్‌గారి దగ్గరికి తీసుకొచ్చారు. బిషప్‌గారు కోప్పడలేదు. "ఇది నీ తప్పు కాదు. తెలిసి ఊరుకుని ఉంటే, అప్పటి నుంచి నీదే అయ్యేది" అన్నారు. పట్టాభిషేకం ఆపేశారు. ఇప్పుడు నేను డీకన్‌ను కాను, సెమినరీలో చదివే బ్రదర్‌నూ కాను. ఈస్టర్ ముందు రాత్రి జరిగే పాస్కా పూజలో, ఏప్రిల్ 11న, పెనుకొండలో నాకు జ్ఞానస్నానం ఇస్తారు. ఆ తరవాత కనీసం రెండేళ్ళు ఆగాలి. మళ్ళీ గురువు కావాలని నాకే ఉంటే, నేనే వచ్చి అడగాలి. నాయన అడిగితే చెల్లదన్నారు.

అరుళమ్మత్త మాట, నీ మాట రాసి సంతకాలు తీసుకోవాలట. జన్మదినం సంగతి, పాత బిడ్డ సంగతి, నువ్వు చూసిందంతా. 19న సోమవారం ఉదయం హిందూపురం రా. నువ్వు చెప్పేది నిజమా కాదా అని అడిగారు. మా అక్క అబద్ధం చెప్పదన్నాను. నిన్ను గారు అన్నందుకు మన్నించు.

గుడి ముందు షామియానా గుంజలు పీకుతున్నారు. నేను కిటికీలోంచి చూస్తూ రాస్తున్నాను. నాయనకు మనిషిని పంపాను. ఆయన ఆ మనిషిని ఇంట్లోకి రానివ్వలేదట.

శౌరి.

ధర్మవరం,
20 ఏప్రిల్ 1998.

ఒరే శౌరీ,

పాస్కా పూజ అయ్యాక నీతో సరిగా మాట్లాడలేకపోయాను, అందుకని ఇది.

నలుగురు చంటిబిడ్డల వెనక నువ్వొక్కడివి, మీసం తీసేసిన ఇరవై ఎనిమిదేళ్ళ మనిషివి, జ్ఞానస్నానం తొట్టి ముందు తల వంచుకుని నిలబడ్డావు. పల్లెల్లో బోధన చెప్పే ఉపదేశి ముత్యాలప్ప నీ జ్ఞానతండ్రిగా భుజం మీద చెయ్యి వేశాడు. ఫాదర్ నీళ్ళు పోస్తుంటే పక్కన ఒక బిడ్డ కేర్‌మంది. నువ్వు ఏడవలేదు, నేను ఏడ్చాను. మీ బావ పై పంచె నాకు ఇచ్చాడు తుడుచుకోవడానికి. దారిలో రైల్లో ఆయన ఒకే మాటన్నాడు, "మీవోడు గట్టోడే" అని. మగ్గం నేర్పిస్తా రమ్మను, అది కూడా చెప్పమన్నాడు. నీ చేతులకు ఆ పని రాదులే, దారాలన్నీ చిక్కు పెడతావు.

నాయన రాలేదు. మా ఇంటికి మాత్రం నెలకొకసారి వస్తున్నాడు. మీ బావను అల్లుడా అనలేదు ఇంకా, ఏమప్పా అంటున్నాడు. సౌమ్యకు బెల్లం తెస్తాడు. నీ పేరెత్తితే లేచి పోతాడు. నేను ఎత్తుతూనే ఉన్నాను.

గుడి బయట నిన్ను ఒకటి అడిగాను. నీకు నిజంగా గురువు కావాలని ఉందా అని. నాయనకోసం కాదు, ఊరికోసం కాదు. నువ్వు నేల చూశావు. ఉత్తరంలోనైనా చెప్పు.

అక్క.

పెనుకొండ,
3 మే 1998.

అక్కా,

తెలీదు.

ఇక్కడే ఉన్నాను. ఆదివారాలు పిల్లలకు బోధన చెబుతున్నాను, మిగతా రోజులు పాత కుర్చీలకు నవారు అల్లుతున్నాను, ముత్యాలప్పతో కలిసి ఊళ్ళు తిరుగుతున్నాను. తెల్ల అంగీ తీసేశాక కొందరు పలకరించడం మానేశారు. ఎవరికీ ఏమీ కాకుండా ఉండడం మొదటిసారి. రాత్రి నిద్ర పడుతోంది. అంతకన్నా నిజం ఏమీ లేదు రాయడానికి.

శౌరి.

పెనుకొండ,
19 ఆగస్టు 2000.

అక్కా,

నిజంగా గురువు కావాలని ఉందా అని రెండేళ్ళ కింద నువ్వు అడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మధ్యలో పది ఉత్తరాలు రాసినా ఇది మాత్రం తప్పించుకున్నాను. నువ్వూ మళ్ళీ అడగలేదు.

మొన్న గురువారం మధ్యాహ్నం కొండ కిందవైపు నుంచి మనిషి వచ్చాడు. ఆదెప్పకు చివరి ఘడియ, ఫాదర్‌ను రమ్మంటున్నాడని. ఆదెప్ప రాళ్ళు కొట్టే మనిషి. మన విచారణవాడే, కానీ ఇరవై ఏళ్ళుగా గుడి మెట్టు ఎక్కలేదు. ఫాదర్ ధర్మవరం పోయి ఉన్నారు. ఫోను చేయించి, నేను పరుగెత్తాను.

ఇంట్లో భార్య, వదిన ఉన్నారు. నన్ను చూడగానే వాళ్ళను బయటికి పొమ్మని చెయ్యి ఊపాడు. "ఆదెప్పా, నేను ఫాదర్ కాదు. ఫాదర్ వస్తాండారు" అన్నాను. "ఆయన వచ్చేకాడికి నేనుండను. నువ్వు కూసో" అన్నాడు. వద్దంటున్నా చెప్పేశాడు. ఏమి చెప్పాడో నీకు రాయను. ఎవరికీ చెప్పను. ఇరవై ఏళ్ళు ఆ మనిషి దాన్ని ఎట్లా మోశాడో అనిపించింది. చెప్పడం అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "పోయిందా నాయనా?" అన్నాడు.

ఆ మాటలు నాకు కంఠతా వచ్చు అక్కా. సెమినరీలో వందసార్లు పలికి నేర్చుకున్నాం. "నీ పాపములను క్షమించుచున్నాను." నోటిదాకా వచ్చాయి. నేను అనేసినా ఆయనకు తేడా తెలీదు, గదిలో ఇంకెవరూ లేరు. ఆయన నా ముఖమే చూస్తున్నాడు. నేను అనలేదు. "దేవుడు విన్నాడు ఆదెప్పా. నువ్వు బాధపడింది ఆయన చూసినాడు, నిన్ను ఇడిచిపెట్టడు. కానీ ఆ మాట సెప్పే అధికారం నాకు లేదు" అన్నాను. ఇద్దరం కలిసి పశ్చాత్తాప ప్రార్థన చెప్పాము. సగంలో ఆయన గొంతు ఆగింది. చెయ్యి మాత్రం వదలలేదు. ఇంకోసారి, "పోయిందా?" అన్నాడు. అదే ఆఖరు.

ఫాదర్ వచ్చేసరికి ఆదెప్ప పోయి అరగంట దాటింది. నేను తప్పు చేయలేదని, ఆదెప్పకు దేవుడి దగ్గర లోటు ఉండదని ఆయన గట్టిగా చెప్పారు. నేనూ నమ్ముతున్నాను. కానీ ఆ మనిషి అడిగింది దేవుణ్ణి కాదు, నన్ను. అవును పోయింది అని ఒక మనిషి నోటితో వినాలనుకున్నాడు. నేను వినిపించలేకపోయాను.

సెమినరీలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాను. పూజ బాగా పాడాలనుకున్నాను, మంచి ప్రసంగం చెప్పాలనుకున్నాను, నాయన సంతోషపడాలనుకున్నాను. ఒక మనిషి చెయ్యి పట్టుకుని ఆ మాట చెప్పగలిగితే చాలునని ఒక్కరోజు కూడా అనుకోలేదు. గురువారం నుంచి అన్నం సహించడం లేదు. ఆ మాట చెప్పగలిగి ఉంటే ఎంత బాగుండేదో అని, దానికే ఆకలిగా ఉంది.

నాయనకు చెప్పలేదు. నీకు కూడా వెళ్ళే ముందు చెప్పకూడదనుకున్నాను, ఆగలేకపోయాను. సోమవారం ఉదయం బస్సుకు, గురుపట్టం నేనే అడగడానికి బిషప్‌గారి దగ్గరికి పోతున్నాను. ఈసారి నన్ను ఎవరూ పంపడం లేదు. ఆయన ఒప్పుకుంటారో లేదో తెలీదు. వద్దంటే ఇంటికి వచ్చి, మళ్ళీ పోయి అడుగుతాను.

నీ తమ్ముడు,
శౌరి.